నిద్రకు మినహాయింపు

ఇంటి పన్ను మీద మినహాయింపు ఉంది. ట్రాఫిక్ చలాన్ల మీద ఇచ్చిన రోజులున్నాయి. ఎండలు ముదిరితే లాయర్లకు నల్లకోటు మీద కూడా ఉంది. నిద్ర మీద మినహాయింపు ఒక్కటే ఇన్నాళ్లూ లోటుగా ఉండేది. 2025 డిసెంబరు 5న ఆ లోటూ తీరింది. పైలట్లు చాలక ఆ ఒక్క రోజే ఇండిగో విమానాలు వెయ్యికి పైగా రద్దయితే, పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే పేపర్లో మనం చదివే డీజీసీఏ, పెద్ద మనసు చేసుకుని ఆ సంస్థ ఎయిర్‌బస్ 320 పైలట్లకు రాత్రి డ్యూటీ నిబంధనల నుంచి 2026 ఫిబ్రవరి 10 దాకా సడలింపు ఇచ్చింది. పెద్ద పెద్ద డాక్టర్లకు కూడా అంతుపట్టని రహస్యం ఆ కాగితంతో బయటపడింది. సర్కారు ముద్ర పడితే పైలట్‌కు ఫిబ్రవరి 10 దాకా నిద్ర రాదు. 11వ తేదీ నుంచి వస్తుంది.

ఇంతకీ ఆ నిబంధనలు గొంతెమ్మ కోరికలా అంటే, అదీ కాదు. వారానికి 36 గంటల విశ్రాంతి ఉన్నచోట 48 గంటలు ఇవ్వమన్నారు. రాత్రి అంటే అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున 5 దాకా అని ఉన్నదాన్ని 6 దాకా చేశారు. రాత్రిపూట ఆరు ల్యాండింగులు చేయించుకోనిచ్చే చోట రెండు చాలన్నారు. 2024 జనవరి 8న ఈ రూల్సు వచ్చాయి. జూన్ 1 నుంచి అమలన్నారు. మార్చి నాటికే కంపెనీలు మావల్ల కాదన్నాయి, వాయిదా పడింది. వ్యవహారం ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లాక 2025 జులై 1న కొన్ని, నవంబరు 1న మిగతావి అమల్లోకి వచ్చాయి. అంటే దగ్గర దగ్గర రెండేళ్ల గడువు. ఆ రెండేళ్లలో కొత్త విమానాలు వచ్చాయి, కొత్త రూట్లు వచ్చాయి, టీవీలో కొత్త ప్రకటనలు వచ్చాయి. సరిపడా పైలట్లు మాత్రం రాలేదు. పైలట్ కావాలంటే జీతం పెట్టాలి మరి. సడలింపు కావాలంటే విమానాలు ఆగితే చాలు.

బాన్సువాడలో కూర్చున్నోడివి, నీకెందుకయ్యా ఈ విమానాల ముచ్చట అని అడిగేవాళ్లుంటారు. నిజమే. మా ఊరికి రైలే లేదు. మేం ఎక్కినా దిగినా ఆర్టీసీ డిపోయే దిక్కు. కానీ ఇక్కడ ఏ వాడకట్టులోనైనా అడిగి చూడండి. అర్ధరాత్రి కిరాయి బండి మాట్లాడుకుని, శంషాబాద్ దాకా పోయి, దుబాయ్‌కో మస్కట్‌కో దమ్మామ్‌కో మనిషిని సాగనంపి, తెల్లారి కళ్లు తుడుచుకుంటూ తిరిగొచ్చిన ఇల్లు ఒక్కటైనా తగులుతుంది. మా వాళ్ల ప్రాణాలు ఆ రెక్కల మీదే ఉన్నాయి. కాబట్టి ముందు కూర్చున్నవాడు రాత్రి పడుకున్నాడా లేదా అన్నది మా ఇంటి సంగతే.

2010 మే 22న దుబాయ్ నుంచి మంగళూరుకు వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం రన్‌వే దాటి లోయలో పడి 158 మంది పోయారు. ఎనిమిది మందే బతికారు. పోయినవాళ్లలో గల్ఫ్‌లో చెమటోడ్చి ఇంటికి వస్తున్నవాళ్లు చాలామంది. కాక్‌పిట్ రికార్డరులో మిగిలిన రెండు గంటల చిల్లర టేపును విచారణ సంఘం విన్నది. అందులో గంటా నలభై నిమిషాలు కెప్టెన్ నిద్రలోనే ఉన్నాడు. గురక కూడా రికార్డయింది. మెలకువ వచ్చినా మత్తు వదలని ఆ స్థితిలో దిగడానికి ప్రయత్నించాడు. మళ్లీ పైకి లేపమని పక్కనున్న కోపైలట్ మొత్తుకున్నా వినలేదు. తప్పు కెప్టెన్‌దే, ఎవరూ కాదనరు. కానీ ఆ గురక ఉంది చూశారూ, అది ఏ కంపెనీ బ్యాలెన్స్ షీటులోనూ కనపడని ఖర్చు.

ఇక పెద్ద విమానాల సంగతి పక్కన పెట్టి, మాకు దగ్గరైన చిన్న విమానాల సంగతి చూద్దాం. హవాయి చెప్పులేసుకున్నవాడు కూడా హవాయి జహాజ్ ఎక్కాలన్నారు ప్రధాని. ఆ ఉద్దేశంతోనే ఉడాన్ పథకం వచ్చింది. 2017 ఏప్రిల్ 27న సిమ్లాలో జెండా ఊపితే అదే ఊపులో కడప–హైదరాబాద్, నాందేడ్–హైదరాబాద్ విమానాలు కూడా లేచాయి. గంట ప్రయాణానికి రూ. 2,500 మించని టికెట్టు. అప్పటి విమానయాన మంత్రి విజయనగరం అశోక్ గజపతిరాజు. ఇప్పటి మంత్రి శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడు. విమానాల శాఖ తెలుగువాళ్లకు బాగా అచ్చొచ్చింది. విమానాల కంపెనీలే అచ్చిరాలేదు.

నాందేడ్ విమానం మాట విని నేను లోపల్లోపల సంబరపడ్డాను, దాచుకోవడమెందుకు. బోధన్ మీదుగా పోతే నాందేడ్ మాకు హైదరాబాద్ కన్నా దగ్గర. బస్సెక్కి మహారాష్ట్రకు పోయి, అక్కడ విమానమెక్కి, బాన్సువాడ మీదుగానే ఎగిరి శంషాబాద్‌లో దిగి, మళ్లీ సిటీలోకి బస్సెక్కొచ్చు. అప్పటికి బాన్సువాడ నుంచి తిన్నగా బయల్దేరిన హైదరాబాద్ బస్సు చేరిపోయి, తిరుగు ట్రిప్పు కూడా కట్టేసి ఉంటుంది. అది వేరే సంగతి.

ఆ రెండు విమానాలూ నడిపింది ట్రూజెట్. హైదరాబాద్ కంపెనీ, సినిమా హీరో రామ్‌చరణ్ ముఖంతో 2015 జులైలో మొదలైంది. 2022 ఫిబ్రవరిలో ఆగిపోయింది. దానికి ముందు విజయవాడ నుంచి ఎయిర్ కోస్టా 2013 అక్టోబరులో లేచి, 2017 ఫిబ్రవరి 28న చక్రాలు నేలకు ఆనించి మళ్లీ లేవలేదు. ఉడాన్ మొత్తం లెక్కను కాగ్ 2023లో చెప్పింది. మూడో విడత దాకా ఇచ్చిన 774 రూట్లలో సగానికి పైగా మొదలే కాలేదు. మూడేళ్ల రాయితీ గడువు దాటాక కూడా నడుస్తున్నవి 54. అంటే నూటికి ఏడు. తక్కిన తొంభై మూడూ జెండాలు ఊపడానికి పనికొచ్చాయి.

మా నిజామాబాద్ వాళ్లకు జక్రాన్‌పల్లి ఉంది. ఎన్నికలొచ్చినప్పుడల్లా అక్కడ రన్‌వే పరుస్తారు, ఓట్ల లెక్కింపు అయ్యాక చుట్టేస్తారు. వరంగల్ మామునూరుకు 2025 ఫిబ్రవరిలో కేంద్రం ఒప్పుకుందని విని మాకూ ఆశ పుట్టింది. ఆశకు ల్యాండింగ్ ఫీజు లేదు కదా.

కంపెనీ మూతపడితే టికెట్టు కొన్నవాడు పేపర్లో ఉత్తరం రాస్తాడు, షేరు కొన్నవాడు కోర్టుకు పోతాడు. మరి నడిపినవాడు? అతని గురించి మాట్లాడేవాళ్లే లేరు. పైలట్ అనగానే మనకు నల్ల కళ్లద్దాలు, భుజాల మీద బంగారు పట్టీలు, లక్షల జీతం కనపడతాయి. పిల్లను ఇవ్వడానికి అంతకన్నా ఏం కావాలి? పెద్ద జెట్లు నడిపే సీనియర్ కెప్టెన్‌కు ఆ వైభోగం కొంత నిజమే కావచ్చు. చిన్న ఊళ్ల మధ్య ఏటీఆర్ అనే చిన్న విమానం నడిపే కుర్ర కోపైలట్ కథ వేరు.

మా వాడకట్టు పిల్లగాడొకడు అలాంటి కోపైలట్. కంపెనీ పేరు వద్దు, పాపం వాడి రోస్టర్ పాడవుతుంది. మొన్నొక రాత్రి బాన్సువాడ బస్టాండులో హైదరాబాద్ బస్సు కోసం నిలబడ్డాడు. చక్రాల నల్లబ్యాగు, దాని మీద ప్లాస్టిక్ కవరులో ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా. పక్కనే నైట్‌హాల్టుకు బయల్దేరుతున్న పల్లెవెలుగు డ్రైవరు బీడీ ఆర్పి పలకరించాడు.

“ఏం తమ్మీ, ఎయిర్‌పోర్టుల కొలువా? సామాన్లు ఎక్కిస్తవా?”

“కాదన్నా, పైలట్‌ను.”

“పైలట్‌వైతే గిట్ల బస్సుల పోతున్నవేంది?”

“నువ్వు బస్సు నడుపుతవని బస్సు ఇంటికి తీస్కపోతున్నవా అన్నా?”

డ్రైవరు నవ్వాడు. “గదీ నిజమే. రేపు ఎన్ని ట్రిప్పులు?”

“నాలుగు సెక్టార్లు. పోవుడు, వచ్చుడు, మళ్ల పోవుడు, వచ్చుడు. పొద్దుగాల అయిదింటికి రిపోర్టింగ్.”

“నాదీ అయిదింటికే ఫస్టు ట్రిప్పు. కాని నేను ఊళ్లెనే బస్సు పెట్టుకుంట, సీట్ల మీద దోమతెర కట్టుకొని పంట. లేసుడు, మొకం కడుగుడు, స్టీరింగు పట్టుడు. నువ్వు ఎప్పుడు పంటవ్?”

“హైదరాబాద్ చేరెవరకు పన్నెండు దాటుతది. ఆడికెల్లి శంషాబాద్. రూముల నలుగురం ఉంటం. గంటో గంటన్నరో నడుము వాలుస్త.”

“మరి గీ బస్సుల కూసునేది డ్యూటీల రాసుకోరా?”

“రాసుకోరన్నా. నిన్న డ్యూటీ దిగినకాడికెల్లి రేపు రిపోర్టింగ్ దాకా రెస్టే. ఇప్పుడు నేను రెస్ట్ తీస్కుంటున్న.”

ఇంతలో బస్సొచ్చింది. ఆడవాళ్లకు ఉచితం, మగవాళ్లకు సీటు అనుమానం. డోరు దగ్గర కడ్డీ పట్టుకుని, నల్లబ్యాగును మోకాళ్ల మధ్య ఇరికించుకుని, తెల్లచొక్కా నలగకుండా పైకెత్తి పట్టుకుని, మా పైలట్ తన చట్టబద్ధమైన విశ్రాంతిని కొనసాగించాడు. ఎల్లారెడ్డి, మెదక్, నర్సాపూర్ దాటేదాకా ఆ విశ్రాంతి అలాగే నిలబడి సాగి ఉంటుంది.

పుస్తకం తెరిస్తే తప్పు ఎవరిదీ కనపడదు. ఏడాదికి వెయ్యి గంటలకు మించి ఎగరకూడదని ఉంది. డ్యూటీకీ డ్యూటీకీ మధ్య ఇంత ఎడం ఉండాలని ఉంది. ఆ ఎడాన్ని సద్వినియోగం చేసుకుని హాయిగా విశ్రాంతి తీసుకోవలసిన బాధ్యత పైలట్‌దేనని కూడా శుభ్రంగా రాసి ఉంది. అవకాశం ఇవ్వడం కంపెనీ వంతు, నిద్రపోవడం నీ వంతు. నిద్రకూ అవకాశానికీ మధ్య నూట యాభై కిలోమీటర్ల రోడ్డు ఉంటే అది ఆర్ అండ్ బీ శాఖ వంతు.

శంషాబాద్‌లోనే కాపురం పెట్టొచ్చు కదా అని తేలిగ్గా అనేస్తాం. పెట్టినవాళ్లూ ఉన్నారు. కానీ చిన్న కంపెనీలో బేస్, అంటే డ్యూటీ మొదలయ్యే ఊరు, ఈ ఏడాది హైదరాబాద్, వచ్చే ఏడాది ఎక్కడో. రూటు మూసేస్తే బేస్ మారుతుంది, బేస్ మారితే పిల్లల బడి, ముసలి తల్లిదండ్రుల మందులు, భార్య ఉద్యోగం, అన్నీ మారాలి. అందుకని చాలామంది ఇల్లు ఇంటి దగ్గరే ఉంచి, తాము ఎయిర్‌పోర్టు దగ్గర ఉమ్మడి గదిలో పరుపు అద్దెకు తీసుకుని, ఆఫ్ దొరికినప్పుడు ఇంటికి పరుగెత్తుతారు. ఇది మన ఒక్క దేశపు రోగం కాదు. అమెరికాలో ఈ రోగం ఎప్పుడో ముదిరి, ఒక రాత్రి బయటపడింది.

2009 ఫిబ్రవరి 12. కోల్గన్ ఎయిర్ అనే ప్రాంతీయ సంస్థ విమానం న్యూయార్క్ పక్కనున్న నెవార్క్‌లో లేచి, బఫెలో దగ్గర ఒక ఇంటి మీద పడింది. విమానంలో 49 మంది, నేల మీద ఒకరు, మొత్తం 50 మంది పోయారు. దాని కోపైలట్, ఇరవై నాలుగేళ్ల అమ్మాయి, ఉండేది అటు పసిఫిక్ ఒడ్డున సియాటిల్‌లో. డ్యూటీ ఇటు అట్లాంటిక్ ఒడ్డున. ముందు రాత్రంతా సరుకుల విమానాల్లో, మెంఫిస్‌లో మారి, దేశాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు దాటి డ్యూటీకి వచ్చింది. ఆ అమ్మాయి జీతం చాలా తక్కువ. నెవార్క్‌లో గది అద్దెకు తీసుకునే స్తోమత ఎక్కడిది? కెప్టెన్ కూడా అంతకుముందు రాత్రి విమానాశ్రయంలో సిబ్బంది కూర్చునే గదిలోనే గడిపాడు. దర్యాప్తు వాళ్లు ప్రమాదానికి కారణం కెప్టెన్ తప్పుగా స్పందించడమేనని తేల్చారు. అలసట వాళ్లను దెబ్బతీసే ఉంటుందని, అది ఎంతన్నది చెప్పలేమని రాశారు. అలసటకు పోస్టుమార్టం ఉండదు. రక్తంలో మందు దొరుకుతుంది, నిద్రలేమి దొరకదు. కంపెనీలకు ఇంతకన్నా నమ్మకమైన సాక్షి ఎవరుంటారు?

ఆ ప్రమాదంలో పోయినవాళ్ల కుటుంబాలు వదిలిపెట్టలేదు. అమెరికా పార్లమెంటు చుట్టూ తిరిగి తిరిగి చట్టం తెప్పించాయి. విశ్రాంతి నిబంధనలు తిరగరాశారు, కోపైలట్‌కు కూడా 1,500 గంటల అనుభవం ఉండాలన్నారు. పైలట్లు దొరక్క ప్రాంతీయ సంస్థల్లో జీతాలు పెరిగాయి. రూట్లు తగ్గాయని అక్కడి కంపెనీలు ఇప్పటికీ గొణుగుతాయి. గొణగనివ్వండి.

ఇండోనేషియాలో జరిగినట్టు మన దగ్గర జరగకూడదని దండం పెట్టుకోవాలి. 2024 జనవరిలో బాటిక్ ఎయిర్ విమానంలో ఇద్దరు పైలట్లూ ఒకేసారి 28 నిమిషాలు నిద్రపోయారు. కోపైలట్ ఇంట్లో నెల పిల్లలు, కవలలు. రాత్రంతా వాళ్లు పడుకోనియ్యలేదు. ఏ తండ్రినైనా అడగండి, ఆ నిద్ర ఎంత బలమైనదో చెబుతాడు. విమానం దారి తప్పింది, అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు.

చిన్న విమానం నడపడమంటే పని తక్కువని అనుకోవద్దు. పని అంతా లేచేటప్పుడు, దిగేటప్పుడే ఉంటుంది. ఢిల్లీ నుంచి లండన్ పోయేవాడు ఒకసారి లేచి ఒకసారి దిగుతాడు. మా వాడు నాలుగు సెక్టార్ల రోజున నాలుగుసార్లు లేచి నాలుగుసార్లు దిగుతాడు, అదీ రన్‌వేలు పొట్టిగా, వానాకాలం మబ్బులు కిందికి, సాయం చేసే పరికరాలు అంతంత మాత్రంగా ఉండే ఊళ్లలో. మధ్యలో అరగంట ఆగితే అన్నం కూడా అక్కడే, కాక్‌పిట్‌లో, ఒళ్లో డబ్బా పెట్టుకుని. ఇంకో తమాషా ఏమిటంటే, చాలా సంస్థల్లో జీతంలో పెద్ద ముక్క ఎగిరిన గంటల మీద ఉంటుంది. పొద్దున అయిదింటి నుంచి సాయంత్రం దాకా డ్యూటీలో ఉన్నా, ముప్పావుగంట చొప్పున నాలుగు సెక్టార్లు ఎగిరితే లెక్కకు వచ్చేది మూడు గంటలు. తక్కినది దేశసేవ.

ఈ వైభోగానికి చేరడానికి పెట్టుబడి ఎంతనుకున్నారు? లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. బేగంపేటలో నేర్చుకున్నా, బయటి దేశంలో నేర్చుకున్నా అర కోటి దాకా, ఒక్కోసారి ఆ పైన. తర్వాత ఫలానా విమానం నడపడానికి టైప్ రేటింగ్ అని ఇంకొన్ని లక్షలు. మా నిజాంసాగర్ కాలువ కింద రెండు పంటలు పండే భూమి ఉన్నవాడే కొడుకును పైలట్ చేయాలని సాహసిస్తాడు. కొడుకు పైకి లేచేసరికి భూమి బ్యాంకు కిందికి పోతుంది.

మరి ఇంత పెట్టి ఎక్కినవాడు నచ్చకపోతే దిగొచ్చా? అక్కడే ఉంది అసలు కిటుకు. 2017 నుంచి డీజీసీఏ రూలు ప్రకారం కోపైలట్ ఉద్యోగం మానాలంటే ఆరు నెలలు, కెప్టెన్ మానాలంటే ఏడాది ముందు నోటీసు ఇవ్వాలి. మా దిక్కు వెనకట పటేండ్ల ఇళ్లల్లో జీతగాళ్లుండేవాళ్లు. తిండి, బట్ట, గొంగడి, చెప్పులజోడు, ఏడాదికి ఇన్ని బస్తాల వడ్లు అని మాట్లాడుకునేవాళ్లు. ఆ జీతగాడికి కూడా ఉగాది అనే గడువుండేది. ఉగాదినాడు లెక్క చూసుకుని, ఇష్టముంటే ఉండేవాడు, లేకుంటే అప్పు తీర్చి తువ్వాల దులిపి ఇంకో గడపకు పోయేవాడు. బంగారు పట్టీల జీతగాడికి ఉగాది నాడు నోటీసు రాసిచ్చినా, మళ్లీ ఉగాది దాకా కదలడానికి లేదు.

అదే కంపెనీ మానేయాలంటే? 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ ఆఖరి విమానం దిగింది. ఆ పైలట్లకు అప్పటికే నెలల జీతం బాకీ. 2023 మే మొదటివారంలో గో ఫస్ట్ ఉన్నట్టుండి కౌంటరు దించింది. అంతకుముందు కింగ్‌ఫిషర్ సంగతి వేరే చెప్పాలా, యజమాని లండన్‌లో, జీతాలు దేవుడి దగ్గర. వీటిలో ఏ ఒక్కటీ తన పైలట్‌కు ఏడాది ముందు చెప్పి ఆగలేదు. పైలట్ ఉన్నపళంగా పోతే ప్రయాణికులకు ఇబ్బంది అని రూలు పెట్టినవాళ్లకు, కంపెనీ ఉన్నపళంగా పోతే కూడా ప్రయాణికులకు ఇబ్బందేనన్న సంగతి ఇంకా తట్టలేదు.

మళ్లీ విశ్రాంతి లెక్కల దగ్గరికి వద్దాం. 2023 ఆగస్టులో నాగపూర్ విమానాశ్రయంలో ఒక పైలట్ డ్యూటీకి వచ్చి బోర్డింగ్ గేటు దగ్గరే కుప్పకూలి చనిపోయాడు. అంతకుముందు ఆయనకు 27 గంటల విశ్రాంతి ఉందని లెక్క చెప్పారు. ఆ చావుకు అలసటే కారణమని నేననను. గుండె ఆగడానికి వంద కారణాలుంటాయి. కానీ మనిషి ఇంకా చల్లబడకముందే ఆ 27 అనే అంకె ఎంత సిద్ధంగా బయటికొచ్చిందో చూస్తే, విశ్రాంతి లెక్కలు ఎవరి రక్షణ కోసం రాస్తారో అర్థమవుతుంది.

ఇప్పుడు డిసెంబరు 5 నాటి రెండో కాగితం సంగతి. మొదటిది ఒక సంస్థకు ఇచ్చిన సడలింపు, దానికి గడువు తేదీ అన్నా ఉంది. రెండోది అన్ని కంపెనీలకూ వర్తించేది, గడువు లేనిది, అంత గొడవలో చాలామంది కంట పడనిది. కొత్త రూల్సులో ఒక వాక్యం ఉండేది. వారపు విశ్రాంతికి బదులు సెలవును లెక్కవేయకూడదు, అంతే దాని సారం. అంటే మీ చెల్లెలి పెళ్లికి మీరు సెలవు పెడితే, ఆ రోజు మీ విశ్రాంతి దినంలో కలిపేయడానికి వీల్లేదు. పెళ్లి పెళ్లే, విశ్రాంతి విశ్రాంతే. ఆ వాక్యాన్ని డీజీసీఏ ఆ రోజే వెనక్కి తీసుకుంది. ఇప్పుడు చెల్లెలి పెళ్లిలో రాత్రంతా బువ్వలు వడ్డించినా, బారాత్‌లో ఎగిరినా, అప్పగింతల్లో ఏడ్చినా, అది విశ్రాంతి కిందికి రావచ్చు. పైలట్ల సంఘాలు అరిచాయి. ఎయిర్‌పోర్టులో చిక్కుకున్న జనం అంతకన్నా గట్టిగా అరుస్తున్నారు కాబట్టి వినపడలేదు.

ఈ దారిలో ఇంకా ముందుకు పోవాలని ఉంటే నా వంతు సాయం చేస్తాను. మెహిదీపట్నం సిగ్నల్ దగ్గర ఆగిన పావుగంటను ధ్యానంగా నమోదు చేయండి. ఎయిర్‌పోర్టుకు పోయే పుష్పక్ బస్సులో తూగితే, తల కిటికీకి కొట్టుకున్నప్పుడల్లా పది నిమిషాలు తగ్గించి మిగతాది నిద్ర ఖాతాలో జమ చేయండి. పైలట్ పేరున ఎవరైనా ఇంట్లో పడుకుంటే, ఆధార్ అనుసంధానం చేసి, ఆ నిద్ర బదిలీ చేయండి. మా ఊళ్లో మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా నిద్రపోయే పెద్దమనుషులు బోలెడంత మంది ఉన్నారు. దేశం కోసం ఆ మాత్రం ఇవ్వరా?

ఎకసెక్కం చాలించి ఒక్క మాట అడుగుతాను. బస్సు డ్రైవరుకు 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటలని గీత గీసింది. ఆ గీతను డబుల్ డ్యూటీలతో ఎంత చెరిపినా, చెరిపినట్టు ఒప్పుకోవడానికైనా ఒక గీత ఉంది. 2019లో ఆర్టీసీ కార్మికులు 52 రోజులు సమ్మె చేసినప్పుడు బాన్సువాడ డిపో గేటు ముందు టెంటు వేసుకుని కూర్చున్న డ్రైవర్లకు కనీసం కూర్చోవడానికి ఒక డిపో ఉంది, మంచినీళ్లు తెచ్చిచ్చే ఊరుంది. చిన్న విమానాల కోపైలట్‌కు డిపో లేదు, ఊరు లేదు. గది శంషాబాద్‌లో, అప్పు బాన్సువాడలో, రోస్టర్ ఫోన్లో.

మంత్రిగారూ, మీరు తెలుగువారు, రేయింబవళ్లు ప్రయాణాలు చేసే మనిషి, నిద్ర విలువ తెలిసినవారు. కొత్త విమానాశ్రయాలు తర్వాత కట్టండి. జక్రాన్‌పల్లి కోసం మేం ఇంకో రెండు ఎన్నికలు ఆగుతాం, అలవాటే. వెనక్కి తీసుకున్న ఆ ఒక్క వాక్యం మళ్లీ పెట్టించండి. కోపైలట్ నోటీసు ఆరు నెలలైతే, జీతం ఆపేసే కంపెనీకి కూడా ఆరు నెలల నోటీసు పెట్టండి. డ్యూటీకి వచ్చే దారిని లెక్కలో వేయమని కంపెనీలకు చెప్పడం కష్టమైతే, కనీసం ఆ దారిని విశ్రాంతి అనడం మాన్పించండి.

చదివే పెద్దలకు కూడా ఒక విన్నపం. 2024 జనవరిలో ఢిల్లీలో విమానం గంటలకొద్దీ ఆలస్యమైతే, ఆ సంగతి చెబుతున్న కోపైలట్ మీదికి ఒక ప్రయాణికుడు ఉరికొచ్చి కొట్టాడు. ఆ వీడియో మీరూ చూసే ఉంటారు. విమానం రద్దయితే కౌంటరు దగ్గర గట్టిగా అడగండి. ముందు చెప్పకుండా రద్దు చేస్తే, కంపెనీ చేతిలో లేని కారణం కాకపోతే, గంట లోపు ప్రయాణానికి రూ. 5,000 దాకా, ప్రయాణ సమయాన్ని బట్టి రూ. 10,000 దాకా పరిహారం రూల్సులోనే ఉంది. దాన్ని వదలకండి, వినియోగదారుల కమిషన్‌కు పొండి. కానీ డ్యూటీ టైము అయిపోయింది, ఇక నేను నడపను అని బ్యాగు లాక్కుంటూ దిగిపోయే పైలట్ కనపడితే మాత్రం దారివ్వండి. ఇంకొక్క ట్రిప్పేనని బతిమాలకండి, తిట్టకండి. పోయి పడుకోనివ్వండి.